గడప బయట అరగంట

భూపాలపల్లిలో బొగ్గుబాయి కాలనీ వెనక వీధిలో బుచ్చమ్మ ఇల్లు ఏదని అడిగితే ఎవరూ గుర్తులు చెప్పరు. "గచ్చు మీద అన్నం పెట్టుకొని తినొచ్చు, గా ఇల్లు" అంటారు. అందులో సగం మెచ్చుకోలు, సగం ఎత్తిపొడుపు. ఆ ఇంటికి పోయినవాళ్ళు ముందు తమ కాళ్ళు చూసుకోవాలి, ఆ తర్వాతే బుచ్చమ్మ ముఖం చూడాలి. గడప పక్కన బకెట్టు నిండా నీళ్ళు, చెంబు, తుడుచుకోవడానికి పాత చీర ముక్క ఎప్పుడూ ఉండేవి. తుడుచుకొని లోపలికి వచ్చినా ఆమె చూపు మనిషి మడమల మీదే ఉండేది. చింతపండు బదులుకు వచ్చిన పక్కింటి ఆడవాళ్ళు ఎందుకొచ్చిన గొడవలే అని బయటే నిలబడి అడిగి పోయేవాళ్ళు.

ఇందులో ఆమెను పెద్దగా తప్పుపట్టడానికి లేదు. మరిపెడ దగ్గర పల్లెలో, మట్టి ఇంట్లో పుట్టిన మనిషి. నేలను పేడతో అలకడం, అది ఎండేలోపే కోళ్ళు తొక్కడం, మళ్ళీ అలకడం, పెళ్ళయ్యేదాకా ఇదే పని. బాయి పని చేసే వెంకట్రాంను చేసుకొని భూపాలపల్లికి వచ్చి, కొన్నాళ్ళు కిరాయి గదిలో ఉండి, చివరికి రెండు గదుల సొంత ఇల్లు కట్టుకున్నారు. మేస్త్రి గచ్చు నున్నగా మెరుగు పెడుతుంటే పొద్దంతా పక్కనే కూర్చొని చూసింది. ఆరిన రోజు చెంప ఆనించి చూసుకుందట. ఆ మురిపెం వెంకట్రాం మొదటి షిఫ్టు దిగి వచ్చేదాకే. బాయి దగ్గర స్నానం చేసే వచ్చినా వేళ్ళ సందుల్లో బొగ్గు మిగిలేది. గడప నుంచి వంటింటి దాకా నల్లటి అడుగులు, అయిదేసి వేళ్ళతో సహా, వరసగా పడ్డాయి.

ఇరవయ్యేళ్ళు వాళ్ళ కొట్లాటలన్నీ ఆ అడుగుల మీదే జరిగాయి. కొట్లాట అనడం కూడా ఎక్కువే. ఆమె అరిచేది, అతను నవ్వేవాడు.

"గీ బొగ్గే కదనే మనకు బువ్వ పెట్టేది."

"పెడితె పల్లెంల పెట్టుమను, నా గచ్చు మీద ఎందుకు?"

అతను మళ్ళీ బయటికి పోయి కాళ్ళు కడుక్కొని వచ్చేవాడు. మెత్తటి మనిషి. ఎదురు చెప్పడం అతనికి చేతకాదు. అలాంటి మనిషి దొరకడం బుచ్చమ్మ అదృష్టమని వీధంతా అనేది. ఆమె మాత్రం ఒప్పుకునేది కాదు.

వంగి వంగి తుడిచి నలభై అయిదేళ్ళు నిండేసరికి నడుము పోయింది. చీపురు పట్టుకుంటే లేవలేదు, లేస్తే వంగలేదు. ఒక్కతే కూతురు విజయ ప్రైవేటు దవాఖానలో నర్సు. చెల్పూరు కరెంటు ప్లాంటు కాలనీలో ఒక ఇంజనీరు తల్లి మంచాన పడితే ఏడాదిపాటు రోజూ పోయి పుండ్లు కడిగి కట్టు కట్టి వచ్చింది. వాళ్ళు బదిలీ మీద పోతూ ఆ అభిమానంతో అమెరికా నుంచి తెప్పించుకున్న మిషన్ ఒకటి విజయ చేతిలో పెట్టారు. జొన్నరొట్టె అంత వెడల్పు, బెత్తెడు ఎత్తు, నల్లగా గుండ్రంగా ఉంది. దానంతట అదే ఇల్లంతా తిరిగి దుమ్ము పీల్చుకుంటుందట. వీధి వీధంతా చూడటానికి వచ్చింది. వచ్చినవాళ్ళ కాళ్ళ దుమ్ముతో ఆ రోజు దానికి చేతినిండా పని దొరికింది.

విజయ దానికి టైం పెట్టింది. పొద్దున తను డ్యూటీకి, నాయిన షిఫ్టుకు పోయాక, పది కాగానే అదే లేస్తుంది. అరగంట తిరుగుతుంది. తర్వాత గోడ పక్కన దాని జాగాకు పోయి, చిన్న పాట లాంటి చప్పుడు చేసి పడుకుంటుంది.

మొదటి వారం బుచ్చమ్మ దాన్ని తిరగనియ్యలేదు. వెనకే చీపురు పట్టుకొని నడిచింది. మూల వదిలేసిందని ఎత్తి మూలలో పెట్టింది. మంచం కిందికి పోతే చీపురుతో పొడిచి బయటికి లాగింది. అది దారి తప్పి, మొరాయించి, ఒకచోట గిరగిరా తిరిగి ఆగిపోయింది. సాయంత్రం విజయ వచ్చి బాగుచేసి, విసుగ్గా చెప్పింది.

"అమ్మా, నీకు దండం పెడుత. అది తిరుగుతున్నప్పుడు ముట్టకు. దాని పని అయిపోయేదాంక దాని జోలికే పోకు."

చదువుకున్న బిడ్డ చెప్పిన మాట. బుచ్చమ్మ ఆ రోజు నుంచి ముట్టలేదు. ఎత్తుపీట మీద కూర్చొని, కాళ్ళు పైకి ముడుచుకొని, అది తిరగడం చూసేది. నడుము వంచకుండా తన గచ్చు శుభ్రమవుతుంటే ఆమె కళ్ళు చెమర్చేవి. ఏడ్చిందని చెబితే నవ్వుతారు గానీ, నిజంగానే ఏడ్చింది.

ఆ ఏడు మొదటి వానల్లో ఇంకో సంగతి జరిగింది. వెంకట్రాం షిఫ్టు మారి పొద్దున ఇంటికొచ్చాడు. కాళ్ళు తడి, తడిలో బొగ్గు. ఆ అడుగుల మీదుగా మిషన్ పోయింది. ఇంకేముంది, దేవుడి పటం దాకా, బియ్యం డబ్బా దాకా, ఇల్లంతా నల్లటి గీతలు. బుచ్చమ్మ రెండు గంటలు మోకాళ్ళ మీద పాకి కడిగింది. కడిగి లేచి చట్టం చేసింది. మిషన్ తిరిగేటప్పుడు ఎవరూ గడప దాటరాదు. వెంకట్రాం తలూపాడు.

"మీ అమ్మ నాకంటె దానికే ఎక్కువ ఇజ్జత్ ఇస్తది" అని కూతురితో చెప్పుకొని నవ్వాడు.

ఇదంతా రెండు వేల పదకొండు సంగతి. సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బాయిలు బందయ్యాయి. బాయి సైరన్ మోగకపోతే పొద్దు ఎంతయిందో తెలియక కాలనీ ఆడవాళ్ళు పరేషానయ్యారు. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వండారు. వెంకట్రాం రోజూ పొద్దున్నే సమ్మె శిబిరానికి పోయేవాడు. ముందు వరసలో కూర్చునే మనిషి కాదు, మైకు ముట్టుకునే మనిషి అసలే కాదు. రెండో వరసలో చివర కూర్చొని, నినాదం ఇచ్చినప్పుడు చెయ్యి ఎత్తేవాడు.

"తెలంగాణొస్తె నీకేమొస్తది?" అని ఒకరోజు బుచ్చమ్మ అడిగింది.

"మన బొగ్గు గావాలె వాళ్ళకు. మన మాట మాత్రం సినిమాల్ల నవ్వులాటకు. గది పోతది" అన్నాడు. ఆ మనిషి నోట అంత పెద్ద మాట ఆమె ఎప్పుడూ వినలేదు. "సమ్మె ఏడాది నడువనియ్యి, నా ఇంట్ల బొగ్గు లేదు" అంది. అతను నవ్వాడు.

సమ్మె మూడు వారాలు దాటిన ఒక రోజు పొద్దుటి నుంచే వాన. శిబిరం వేసిన మైదానం ఎర్రమట్టిది. పది కాగానే మిషన్ లేచింది. అయిదు నిమిషాలు కాకముందే వెంకట్రాం వచ్చాడు. మామూలుగా మధ్యాహ్నం దాకా రానివాడు. మోకాళ్ళ దాకా బురద. మెట్టు మీద ఒక కాలు పెట్టాడు.

"ఆగాగు! మిషన్ తిరుగుతుంది" అంది బుచ్చమ్మ ఎత్తుపీట మీద నుంచే.

"పానం ఎట్లనో ఉందే. జర ఒరుగుత."

"అరగంటనే గద, జర ఆగు. కాళ్ళు సూసుకున్నవా ఎట్లున్నయో?"

అతను నిజంగానే తల వంచి కాళ్ళు చూసుకున్నాడు. తప్పు చేసినవాడిలా కొంచెం నవ్వి, మెట్టు మీద గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నీళ్ళు అడిగితే గడప మీద నుంచే చెంబు అందించింది. సగం తాగి పక్కన పెట్టాడు. తలుపు సందులోంచి అతని భుజం, తడిసిన చొక్కా కనిపిస్తున్నాయి. కునుకు తీస్తున్నాడనుకుంది. మిషన్ మంచం కింద తిరిగింది, వంటింట్లో తిరిగింది, ఎప్పటికన్నా నిదానంగా తిరిగినట్టనిపించింది. చివరికి దాని జాగాకు పోయి పాట పాడింది.

"ఇగ రా" అంది.

వెంకట్రాం లేచాడు. తనే నీళ్ళు పోసుకొని ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, వేళ్ళ సందులు కూడా రుద్ది కడుక్కున్నాడు. చీర ముక్కతో తుడుచుకున్నాడు. నాలుగడుగులు వేసి ఇంటి నడుమ గచ్చు మీదే పడుకున్నాడు.

"సల్లగుంది" అన్నాడు.

ఆమె దిండు తెచ్చేసరికి అతని చూపు నిలబడిపోయింది. వీధివాళ్ళు ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. అక్కడి డాక్టరు నాడి చూసి, ఒక అరగంట ముందు తెస్తే ఏమన్నా చేద్దుమని అన్నాడు. మామూలుగా అందరికీ చెప్పే మాటే కావచ్చు. బుచ్చమ్మకు మాత్రం ఆ అరగంట ఎక్కడ పోయిందో తెలుసు.

అందరూ ఎట్లా జరిగిందని అడిగారు. "అచ్చిండు, పండుకున్నడు, గంతే" అని చెప్పింది. కూతురికీ అంతే చెప్పింది. శిబిరం నుంచి వచ్చినవాళ్ళు జెండా కప్పి, జోహార్లు చెప్పి, సమ్మెలో పోయిన మనిషని గొప్పగా మాట్లాడుతుంటే తల ఎత్తలేకపోయింది. గోడ వైపు తిరిగి కూర్చుంది.

వెంకట్రాం అక్క కొమురమ్మ మానుకోట నుంచి వచ్చింది. తమ్ముణ్ణి చంకనేసుకొని పెంచిన మనిషి. మూడో రోజు పిట్టకు, అంటే కాకికి, పిండం పెట్టే పనులన్నీ ఆమే చెప్పి చేయించింది. పొద్దున ఇల్లంతా కడిగారు. ప్రాణం పోయిన చోట, ఇంటి నడుమ, కొమురమ్మ జల్లెడ పట్టి బియ్యపు పిండి సన్నగా పోసింది. చాపంత వెడల్పున గచ్చు తెల్లబడింది. దీపం ఎత్తుపీట మీద పెట్టింది. అందరూ వాగు దగ్గరికి పోయి, పిట్టకు పెట్టి తిరిగివచ్చేదాకా ఇంటికి తాళం వేసి ఉండాలి. ఆలోపు పోయిన మనిషి ఒకసారి ఇంటికొస్తాడు, వస్తే పిండిలో గుర్తు పడుతుంది. పిట్ట అడుగు పడితే పిట్టయి పోయినట్టు, మనిషి అడుగే పడితే ఇంకా ఇంటి మీద పానం ఉన్నట్టు.

"ఏమీ పడకపోతే?" అని విజయ అడిగింది.

"పడకపోతె మొకం తిప్పుకొని పోయిండన్నట్టు. ఎవలో మనసు నొప్పిచ్చిండ్రన్నట్టు" అంది కొమురమ్మ.

బుచ్చమ్మ ఆ మాట విన్నది. రెండు రోజులుగా ఆమె లోపల తిరుగుతున్న ప్రశ్న అదే. రావద్దన్నది తను. ఆ మాట పట్టుకొని అతను ఇక రాకుండా ఉంటాడా, వస్తాడా? పిట్ట అడుగయినా సరే, చీమ పాకిన గీతయినా సరే, ఒక్క గుర్తు చాలు. ఇరవయ్యేళ్ళు తను తిట్టి తుడిచిన అడుగుల్లో ఒక్కటి కనిపిస్తే దాని మీద నుదురు పెట్టి ఏడవాలని ఉంది. అందరికంటే వెనక బయలుదేరింది. తాళం వేసేముందు ఇంట్లో ఎక్కడి వస్తువు అక్కడ సర్దింది. వచ్చిన జనం కాళ్ళకు అడ్డమని ఎవరో సజ్జ మీద వెల్లకిలా పడేసిన మిషన్‌ను కూడా దించి, దుమ్ము తుడిచి, దాని జాగాలో పెట్టింది. కడిగిన ఇంట్లో వస్తువు దాని జాగాలో ఉండాలి. ఆమె చేతులకు అంతకంటే వేరే ఆలోచన లేదు.

వాగు దగ్గర కాకి తొందరగానే ముట్టింది. అందరూ సంతోషించారు. తిరిగివస్తుంటే బుచ్చమ్మ వెనకబడింది. కొమురమ్మ చెయ్యి పట్టుకొని నడిపించింది. విజయ తాళం తీసి తలుపు తోసింది.

లోపల చప్పుడు వస్తోంది.

పది దాటింది. మిషన్ ఇంటి నడుమ తిరుగుతోంది. తెల్లటి పిండి చేటంతే మిగిలింది. చూస్తుండగానే దాని మీదుగా పోయి, అటు తిరిగి వచ్చి, ఆ కాస్తా తినేసింది. గచ్చు అద్దంలా ఉంది. పిట్ట అడుగు లేదు, మనిషి అడుగు లేదు, ఏమీ లేదు. కొమురమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

విజయ ఒక్క ఉరుకున పోయి, వంగి, వేలితో దాని నడుమ ఉన్న గుండీ నొక్కింది. అది ఆగిపోయింది.

బుచ్చమ్మ గచ్చు వైపు చూడటం లేదు. కూతురి వేలు వైపు చూస్తోంది.

"ఆగుతదా?" అంది.

"ఏంది?"

"నడుమల ఆగుతదా గది? పని కాకుంటనే?"

"ఆగుతదమ్మా. ఒక్కసారి ఒత్తితె ఆగుతది. ఎందుకు?"

బుచ్చమ్మ గడప మీదే కూలబడింది. "నాకు తెల్వదు బిడ్డా" అంది. "ముట్టొద్దన్నవ్ గదా. నాకు ఆగుతదని తెల్వదు. పానం ఎట్లనో ఉందన్నడు బిడ్డా, ఒరుగుతనన్నడు. మిషన్ తిరుగుతుంది, ఆగుమన్న. గీ మెట్టు మీదనే కూసున్నడు. అదయిపోయేదాంక కూసున్నడు." ఒక్కో మాటా ఊడపెరికినట్టు వచ్చింది. అరగంట సంగతి మొత్తం వాళ్ళందరి ముందూ చెప్పేసింది.

విజయ వేలు ఇంకా ఆ గుండీ మీదే ఉంది. ముట్టొద్దన్నది తనే. నర్సు చదువు చదివింది. ఆ మాట చెప్పిన సాయంత్రం ఆ గుండీ ఒక్కటి చూపించి ఉంటే అయిపోయేది. తల్లిని దగ్గరికి తీసుకోవాలనుకొని కూడా అడుగు వేయలేకపోయింది.

కొమురమ్మ తిడుతుందనుకున్నారు. బుచ్చమ్మ కూడా తిట్టాలనే కోరుకుంది. కొమురమ్మ వచ్చి గడప మీద పక్కనే కూర్చొని అడిగింది.

"లోపటికి అచ్చేటప్పుడు కాళ్ళు కడుక్కున్నడా?"

"కడుక్కున్నడు వదినె. వేళ్ళ సందులు గూడ."

"ఏది చెప్తె గది ఇనేటోడు నా తమ్ముడు" అంది కొమురమ్మ. అని, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

పిండి మళ్ళీ పోద్దామని ఎవరో అన్నారు. మూడో రోజు ఒక్కసారే, తిరిగి పోయడం లేదంది కొమురమ్మ. ఆ తెల్లటి చోట అతను అడుగు పెట్టాడా లేదా అన్నది ఇక ఎవరికీ తెలియదు. విజయ మిషన్ పొట్ట విప్పి, లోపలి పిండిని కాగితం మీద పోసింది. ముగ్గురాడవాళ్ళు తలలు దగ్గర పెట్టి దాన్ని చూశారు. పిండిలో ఏం కనిపిస్తుంది? పిండే కనిపించింది.

సమ్మె ఆగింది. సైరన్ మళ్ళీ మోగింది. విజయ ఆ మిషన్‌ను ఎవరికైనా ఇచ్చేద్దామంటే బుచ్చమ్మ పడనియ్యలేదు. పొద్దున పది కాగానే అది లేచేది. లేచి జానెడు దూరం పోకముందే బుచ్చమ్మ వంగి, నడుము పట్టేసినా వంగి, గుండీ ఒత్తేది. తలుపు రెక్కలు రెండూ బార్లా తీసి, గోడ దగ్గర కూర్చొని, మెట్టు వైపు చూసేది. అరగంట అట్లాగే కూర్చునేది. ఇంట్లో దుమ్ము పేరుకుంది. విజయే సెలవు రోజుల్లో ఊడ్చేది. తల్లి మతి చెడిందని అనేవాళ్ళు అన్నారు. మతి చెడలేదు. వేళకు వంట చేసేది, మందులు వేసుకునేది, కూతురికి సంబంధాలు చూడమని కొమురమ్మకు ఫోన్లు చేసేది. ఆ అరగంట మాత్రం ఆమెది కాదు.

రెండు వేల పద్నాలుగు జూన్ రెండున రాష్ట్రం వచ్చింది. పొద్దుటి నుంచే కాలనీలో పటాకులు, డప్పులు, మిఠాయిలు. శిబిరంలో కూర్చున్న పాతవాళ్ళు దండ పట్టుకొని వచ్చి వెంకట్రాం ఫోటోకు వేశారు. జెండా ఎక్కించే దగ్గరికి రమ్మని బుచ్చమ్మను బతిమాలారు. ఆమె గడియారం చూసి, మీరు నడువుండ్రి, నేను తర్వాత వస్తానంది. విజయ ఆ రోజు డ్యూటీకి పోలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

మిషన్ బ్యాటరీ చచ్చి ఏడాది దాటింది. అది లేవదు, తిరగదు, పాట పాడదు. అయినా పది కాగానే బుచ్చమ్మ గోడ పట్టుకొని దాని దగ్గరికి పోయింది. మోకాళ్ళ మీద వంగి గుండీ ఒత్తింది. ఒకసారి ఒత్తి, ఆగిందో లేదోనని ఇంకోసారి గట్టిగా ఒత్తింది. పోయి తలుపులు బార్లా తీసింది. దూరంగా డప్పులు మోగుతున్నాయి.

"తెలంగాణొచ్చింది" అంది మెట్టు వైపు చూస్తూ. "మిషన్ బందు చేసిన. కాళ్ళు ఎట్లున్నా మంచిదే, రా."

విజయ వచ్చి తల్లి పక్కన కూర్చుంది. పదిన్నర దాకా ఇద్దరూ మెట్టునే చూస్తూ కూర్చున్నారు.